టీచరమ్మ కట్టిన దడి

మొన్న మా వీధిలో ఎవరిదో పెళ్ళికి పందిరి వేస్తుంటే పచ్చి తాటాకు వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. యాభై ఏళ్ళు దాటినా ఆ వాసన తగిలితే చాలు, మా రాజామణి టీచరమ్మ గుర్తొస్తుంది. ఆవిడ మా డ్రిల్లు టీచరు. రాజాం వైపు మిషను చర్చి కుటుంబం. మనిషి గుప్పెడంత, గొంతు మాత్రం రేవు దాకా వినబడేది.

అరవైల చివర్లో, కళింగపట్నం పక్కన ఒక పల్లెలో మా బడి. మగపిల్లలకు ఫుట్‌బాల్ ఉండేది, మాకు ఏమీ లేదు. టీచరమ్మ ఒక పాత రబ్బరు రింగు తెచ్చి టెన్నికాయిట్ నేర్పింది. వలకు అటూ ఇటూ నిలబడి రింగు విసిరి పట్టుకునే ఆట అది. వల ఎక్కడిది, రెండు కర్రల మధ్య కట్టిన కొబ్బరి తాడే వల. ఆవిడ పంచాయతీ సమితి ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఆడపిల్లల ఆటలకు సొమ్ము మంజూరు చేయించింది. మేము ఎగిరి గంతేశాం. ఆవిడ ఉత్తర్వు చదివి వినిపిస్తే, ఆ సొమ్ము వలకీ కాదు, రింగులకీ కాదు. మేము ఆడేటప్పుడు నలుగురి కంటా పడకుండా చుట్టూ తాటాకు దడి కట్టడానికట! మరి దేనికీ వాడకూడదట. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

దడి లేచింది. నిజం చెప్పాలి, లోలోపల నేను సంతోషించాను. మా అమ్మ చేపలు ఎండబెట్టి ఊళ్ళమ్మట అమ్మేది. "ఈడొచ్చిన పిల్లవి. నలుగురిలో గెంతినట్టు తెలిసిందా, బడి మానిపించేస్తాను" అని ముందే చెప్పింది. సాయంత్రాలు బళ్ళో లెక్కలు చెబుతున్నారని అబద్ధమాడి, దడి చాటున ఆడుకునేదాన్ని.

నెల తిరక్కుండా దడి తరిగిపోవడం మొదలైంది. ఇవాళ ఒక మూల, రేపు ఇంకో మూల. ఎవడో దొంగ అనుకుని హడలిపోయాం. తీరా చూస్తే టీచరమ్మే! ఎండే చేపల మీద కాకులు వాలకుండా కప్పుకోమని మా జాలరిపేటలో ఆడవాళ్ళకు ఆ తాటాకులు పంచేస్తోంది. బదులుగా వాళ్ళ మగవాళ్ళు మాకు వల అల్లి ఇచ్చారు. దడి వెదుళ్ళే వలకు గుంజలయ్యాయి.

"సమితి ఆఫీసరుగారొచ్చి దడి ఏదంటే ఎలాగండీ?" అన్నాను.

"రానీ. ఆట కోసం ఇచ్చిన సొమ్ము ఆటకే ఎల్లింది. ఏటే ఆ ఏడుపు మొకం?" అంది.

నా ఏడుపు ఆఫీసరు గురించి కాదు. దడి పోతే అమ్మ చూస్తుంది. అమ్మ చూస్తే నాకు బడి లేదు.

ఆఫీసరుగారు తనిఖీకి వచ్చిన సాయంత్రం టీచరమ్మ మమ్మల్ని వలకు రెండు వైపులా నిలబెట్టింది. తలెత్తి చూసి కొయ్యబారిపోయాను. దడి ఉండాల్సిన చోట, చుట్టూరా, పేటలో ఆడవాళ్ళందరూ తట్టలు పక్కన పెట్టుకుని ఒత్తుగా కూర్చున్నారు. మూలన మా అమ్మ.

"దడి ఏదండీ?" అన్నాడాయన.

"ఇదేనండి బాబూ" అని టీచరమ్మ చెయ్యి గుండ్రంగా తిప్పింది.

ఆయన జేబులోంచి కాయితం తీసి ఏదో రాసుకున్నాడు. నా చేతిలో రింగు జారి, దొర్లుకుంటూ పోయి అమ్మ కాళ్ళ దగ్గర పడింది. అమ్మ దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"ఒసే, లెక్కలంటే ఇయ్యేటే?" అంటూ రింగు నా మీదకు విసిరింది. "గుడ్లప్పగించి సూస్తావేటి? పట్టు. అందరూ సూస్తన్నారు, సరిగ్గా ఆడు."

తర్వాత తెలిసింది. తాటాకులు ఇవ్వడానికి వెళ్ళిన రోజే టీచరమ్మ అమ్మకు అంతా చెప్పేసిందట. "నలుగురూ సూస్తారనే కదా నీ బయం? ఆ నలుగురూ మీరే అయితే?" అందట.

పదిహేను రోజులకే ఆవిణ్ణి ఏజెన్సీకి బదిలీ చేశారు. ఏడ్చి ఏడ్చి మా కళ్ళు వాచిపోయాయి. మర్నాడు సాయంత్రం మైదానంలోకి వెళ్ళడానికి మనసొప్పక బడి గుమ్మంలోనే నిలబడిపోయాం. తట్టలు పక్కన పెట్టుకుని ఆడవాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు.

టీచరమ్మను మళ్ళీ చూడలేదు. ఇప్పటికీ ఎక్కడైనా ఆడపిల్లలు ఆడుతుంటే, చూసే జనం పలచగా ఉంటే, నేను దాటిపోలేను. "మీ పిల్ల ఆడుతోందా అండీ?" అని అడుగుతారు. లేదంటాను. వెళ్ళి కూర్చుంటాను. దడిలో ఒక్క తాటాకు తగ్గినా మా టీచరమ్మ ఊరుకోదు.