కనుమ దాటించాల్సిన ఆల్టర్నేటర్

సైరకాన్ నలభై ఏడో ఏట స్టీరింగ్ పట్టింది. అంతకుముందు ఇరవై ఏళ్ళు బడిలో వంట చేసింది. తమ్ముడు మేదెర్‌కి మూత్రపిండాలు చెడిపోయి, వారానికి మూడుసార్లు నరీన్ పట్నంలోని ఆసుపత్రిలో రక్తం శుద్ధి చేయించుకోవాల్సి వచ్చాక అతని పాత పెట్రోలు వ్యాను ఆమె చేతికొచ్చింది. దారిలో ఒక కనుమ దాటాలి. చలికాలంలో అద్దె కార్లవాళ్ళు అటువైపు తల కూడా తిప్పరు. పెట్రోలు బంకు దగ్గర మగవాళ్ళు, "అక్కా, అది స్టీరింగు, గరిటె కాదు!" అని నవ్వేవారు.

"ఇప్పటిదాకా లోయలో పడ్డవాళ్ళందరికీ మీసాలున్నాయి, చూస్కోండి" అనేది ఆమె.

ఆ నవంబరులో ఒక బుధవారం పొద్దున, ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీకి కరెంటు ఎక్కించే ఆల్టర్నేటర్ కాలిపోయింది. మంచు వల్ల మంగళవారం విడత అప్పటికే తప్పింది. మేదెర్ కాళ్ళు ఉబ్బాయి, ఊపిరి పైపైనే ఆడుతోంది. గురువారం కూడా తప్పితే ఏమవుతుందని సైరకాన్ ఫోన్లో నర్సుని అడిగింది. "రేపు పన్నెండులోపు తీసుకురండి. ఎలాగైనా తీసుకురండి" అంది.

ఆ చలిలో ఒట్టి బ్యాటరీని నమ్ముకుంటే బండి కనుమ మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే ఆమె కాలిన ఆల్టర్నేటర్‌ని గోనెసంచిలో వేసుకుని షామెన్ షెడ్డుకి వెళ్ళింది. ఊళ్ళో మోటార్లకు తీగ చుట్టే మనిషి ఆయనొక్కడే. మేదెర్ కుర్రతనంలో పని నేర్చుకున్నదీ ఆయన దగ్గరే. షామెన్ దాన్ని విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"వైండింగ్ మాడిపోయింది. కొత్త తీగ చుట్టి, బేరింగులు, బ్రష్‌లు మారుస్తా. రేపు తెల్లారేసరికి ఇస్తా."

"కొత్తదానిలా పనిచేస్తుందా, పెద్దాయనా?"

"పాతదానిలా పనిచేస్తుంది. కొత్తదని నేనెందుకంటాను?"

ఆ మాట ఆమెకు దడ పుట్టించింది. వంతెన దగ్గరి దుకాణంలో కొత్తది ఉంది, దానికి ఏడాది హామీ కాగితం కూడా ఉంది. మేదెర్‌ని అడిగితే మంచంలోంచే, "కొత్తది కొను. ఆయన చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి" అన్నాడు. ఆమె షెడ్డుకి తిరిగి వెళ్ళి, విప్పిన ముక్కలన్నీ సంచిలో వేసుకుంది. షామెన్ ఆమెకు కొత్తది బిగించుకోవడానికి తన పానా మాత్రం ఇచ్చాడు.

మధ్యాహ్నానికి కొత్తది బిగించారు. దుప్పటి కప్పుకుని గడపలో కూర్చున్న మేదెర్ పని చెప్పాడు, ఆమె చేసింది. ఇంజిన్ అందుకుంది, బ్యాటరీలోకి కరెంటు ఎక్కుతోందో దిగుతోందో చూపే మీటరు ముల్లు సున్నా దాటి చక్కగా పైకి లేచింది.

"ఇప్పుడు టెర్మినల్ పీకు" అన్నాడు మేదెర్.

ఆ ప్రాంతంలో డ్రైవర్లందరూ చేసే పరీక్షే అది. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ తీగ ఊడదీస్తారు. బండి ఆగకపోతే ఆల్టర్నేటర్ మంచిదన్నమాట. సైరకాన్ ఊడదీసింది. హెడ్‌లైట్లు ఒక్కసారిగా తెల్లగా వెలిగాయి.

"చూశావా దాని బలం!" అన్నాడు మేదెర్.

మరుక్షణం లైట్లు ఎర్రబారాయి, ఇంజిన్ దగ్గి ఆగిపోయింది. ఆమె తీగ మళ్ళీ తగిలించి స్టార్ట్ చేసింది. ముల్లు లేవలేదు. స్టీరింగ్ వెనక బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతూనే ఉండిపోయింది.

ఆమె దాన్ని విప్పి తీసుకెళ్తే, దుకాణంవాడు వెనకవైపు వాసన చూశాడు. "తీగ పీకారు కదూ? హామీ చెల్లదు. ఉన్నది ఈ ఒక్కటే. వచ్చేవారం ఇంకోటి తెప్పిస్తా."

మూడున్నరకి ఆమె మళ్ళీ షామెన్ ముందు నిలబడింది. చేతిలో గోనెసంచి. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"పీకారా?" అన్నాడాయన.

"నేనే పీకాను. మావాడు చెబితే."

షామెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వాడికి ఆ పరీక్ష నేర్పింది నేనే. అప్పట్లో ఓల్టేజీని అదుపుచేసే పెట్టె విడిగా, మొద్దుగా ఉండేది. ఏం చేసినా తట్టుకునేది. ఇప్పుడది లోపల గోరంత ఉంటుంది, తీగ పీకగానే ఓల్టేజీ ఎగదన్ని, ఆ దెబ్బకి మాడిపోతుంది. పొద్దున చెప్పాల్సింది. కోపంతో చెప్పలేదు." ఆ చివరిమాట సంచిలోకి చూస్తూ అన్నాడు.

పాతదానికి తీగ చుట్టడం మొదలుపెట్టాడు. చేతులు నిజంగానే వణుకుతున్నాయి, కానీ తీగ పట్టుకున్నప్పుడు వణకలేదు. సైరకాన్ చుట్లు పైకి లెక్కపెడుతూ కూర్చుంది. తీగకు పూసిన వార్నిష్ రాత్రంతా వెచ్చదనంలో ఆరాలి. రొట్టెలు కాల్చాక పొయ్యిలో మిగిలే నిప్పులో ఆరబెట్టడం ఆయన పద్ధతి.

"రేపు రొట్టెల్లో వార్నిష్ కంపు కొడితే మొదటి ముక్క నీ నోట్లోనే కుక్కుతా" అంది ఆయన భార్య.

"నలభై ఏళ్ళుగా తింటున్నదేగా" అన్నాడు షామెన్.

తెల్లవారాక ఆయనే వచ్చి బిగించాడు. ఎవరూ దేన్నీ పీకి చూడలేదు. ఎనిమిదిన్నరకి బయల్దేరారు.

కనుమ మొదట్లోనే మంచు ఎదురైంది. లైట్లు, వైపర్లు, హీటరు, మూడూ వేసుకోక తప్పలేదు. ఎత్తు ఎక్కడం మొదలయ్యాక ముల్లు మెల్లగా కిందికి జారింది. సున్నా దగ్గర ఆగి, ఇంకాస్త దిగింది.

"హీటరు ఆపెయ్ అక్కా."

ఆమె ఆపేసింది. పావుగంటలో మేదెర్ పెదవులు నీలంగా మారాయి. ముల్లు మాత్రం లేవలేదు. వైపర్లు అద్దం మీద ఈడ్చుకుంటూ కదులుతున్నాయి. సైరకాన్‌కి షామెన్ బిగించేటప్పుడన్న మాట గుర్తొచ్చింది: పాతవాటిని పరుగెత్తిస్తేనే పనిచేస్తాయి. ఇంజిన్ వేగంగా తిరిగేలా ఆమె గేరు తగ్గించింది. ఇంజిన్ అరిచింది.

"ఏంటా అరుపు! బద్దలవుతుంది, గేరు మార్చు!"

"నోర్మూసుకుని దుప్పటి కప్పుకో."

"బండి నాది!"

"నువ్వు నావాడివి."

ముల్లు కదిలింది. సున్నా దాటింది. ఆమె హీటరు మళ్ళీ వేసి, గేరు తాకకుండా శిఖరం దాకా అదే అరుపుతో ఎక్కించింది. పైకి చేరేసరికి చేతివేళ్ళు స్టీరింగ్‌కి అతుక్కుపోయినట్టున్నాయి. మేదెర్ మాట్లాడటం మానేశాడు. రెండుసార్లు పేరుపెట్టి పిలిస్తే, రెండోసారి ఊఁ అన్నాడు.

పదకొండూ నలభైకి ఆసుపత్రి గేటు దాటారు. చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది. ఒంట్లో ఎంత నీరు చేరిందో తెలియడానికి నర్సు అతని బరువు చూసి, వెంటనే లోపలికి తోసుకెళ్ళింది. ఆపితే మళ్ళీ లేవదేమోనని సైరకాన్ నాలుగు గంటలూ ఇంజిన్ ఆపకుండా ఆసుపత్రి ఆవరణలోనే కూర్చుంది. సాయంత్రం అతను తన కాళ్ళమీద నడిచొచ్చాడు.

మేదెర్ ఆ తర్వాత రెండు చలికాలాలు బతికాడు. ఒక్క విడత కూడా తప్పలేదు. అతను చనిపోయింది ఏప్రిల్‌లో, కనుమ దారంతా మంచు లేక పొడిగా ఉన్న రోజున.