టిన్ ఫే గంజి ఎవరు తాగారు?

క్యాన్సర్ వచ్చి కోసేసిన నాలుక స్థానంలో డాక్టర్లు ఎడమ ముంజేతి చర్మం తెచ్చి కుట్టారు. ఆ ముంజేతి మీద టిన్ ఫే కుర్రతనంలో పొడిపించుకున్న బల్లి పచ్చబొట్టు ఉండేది. ఇప్పుడు బల్లి తోక చేతి మీద ఉంది, తల నోట్లో ఉంది.

"నోట్లో బల్లి ఉన్నోడి మాట జరిగి తీరుతుందిరా. లాటరీలో ఏ అంకె తగులుద్దో చెప్పి చావు," అన్నాడు స్నేహితుడు ఫో టోక్, తన సైకిల్ రిక్షా వీధిలోనే వదిలేసి వచ్చి. నవ్వబోయిన టిన్ ఫే గడ్డం మీదుగా చొంగ కారింది. తువ్వాలు అందుకున్నాడు.

బర్మాలోని మౌల్మెయిన్ బజారులో టిన్ ఫేది కిళ్ళీ కొట్టు. ఊరందరికీ చుట్టి ఇస్తూ, తన బుగ్గలో ఒకటి ఎప్పుడూ దాచుకునేవాడు. ఇప్పుడు ఆ కొట్టు మీద పెళ్ళాం ఓన్ యీ కూర్చుంటోంది. ఇంకో బతుకుతెరువు లేదు మరి. తడిక వెనక మంచం మీద పడుకున్న టిన్ ఫేకి వక్కలు కత్తిరించే చప్పుడు వినబడుతుంది. పాడు నోరు, ఇప్పటికీ ఊరుతుంది. ఊరింది మింగలేక తువ్వాలు తడుస్తుంది.

ముక్కులో గొట్టం ఉంది. దాంట్లోంచి ఓన్ యీ పాలు పోస్తుంది. "మళ్ళీ వచ్చేసరికి నా ఎదురుగా గిన్నెడు గంజి మింగితే గొట్టం తీసేస్తా. లేదంటే పొట్టకి చిల్లు పెట్టి అక్కడ వేస్తా. కరెంటు పెట్టడం మొదలైతే గొంతు బిగుసుకుంటుంది. ఇప్పుడే నేర్చుకో," అన్నాడు డాక్టరు.

గడ్డం ఛాతీకి ఆనించాలి. ఊపిరి బిగబట్టాలి. మింగాలి. వెంటనే దగ్గాలి. మొదటిసారి సగం గంజి ముక్కులోంచి వచ్చింది, మిగతాది ఊపిరిగొట్టంలోకి పోయింది. టిన్ ఫే మొహం నీలంగా మారింది. ఆ రోజు నుంచి కత్తి కంటే గంజి గిన్నెకే ఎక్కువ భయపడ్డాడు.

ఆ బజారులో ఎవరు ఎదురైనా ముందు అడిగేది ఒక్కటే: అన్నం తిన్నావా? జవాబు కూడా ఒక్కటే: సా పీ బీ, తిన్నానని. అందులో పీ, బీ పెదాలు చేసే పని, నాలుకతో అవసరం లేదు. అందుకే టిన్ ఫే నోట నీళ్ళూ, నొప్పీ, చివరికి పెళ్ళాం పేరూ ముద్దముద్దగా వచ్చినా, ఈ ఒక్క మాట మాత్రం, సా కాస్తా హా అయినా, గంట కొట్టినట్టు వచ్చేది.

"గంజి తాగావా?" తడిక అవతలి నుంచి ఓన్ యీ.

"హా పీ బీ!"

"అంతా?"

"హా పీ బీ!"

గిన్నె నిజంగానే ఖాళీగా ఉండేది. ఓన్ యీ పొంగిపోయి మర్నాడు ఇంకాస్త చిక్కగా కాచేది.

ఒక మధ్యాహ్నం ఆవిడ తీస్తుంటే ఆ ఖాళీ గిన్నె చెంబుకి తగిలింది. టంగుమంది. వెనక గుమ్మంలోంచి గోధుమరంగు వీధికుక్క ఒకటి పరిగెత్తుకొచ్చి, తోకాడిస్తూ ఎదురుగా కూర్చుంది. నున్నగా బలిసి ఉంది. ఓన్ యీ కుక్క పొట్ట చూసింది. మొగుడి డొక్కలు చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"హా పీ బీ," అన్నాడు అలవాటుగా.

"నీ సా పీ బీ తగలెయ్య! తిన్నది కుక్క!"

టిన్ ఫే రెండు చేతులూ గొంతు చుట్టూ వేసుకుని కళ్ళు తేలేసి చూపించాడు.

"నాకు లేదా భయం? నేనక్కడ కిళ్ళీ చుడుతుంటే ఇక్కడ నీ ఊపిరి ఆగిపోతే నాకెవడు చెప్తాడు, టిన్ ఫే? ఈ కుక్కా?"

బేరాలు నిలబడి ఉండగానే కొట్టు తలుపు దించేసింది. సున్నం అంటిన వేళ్ళతో చెంచా పట్టుకుని ఎదురుగా కూర్చుంది. "గడ్డం దించు."

మొదటి చెంచా ముక్కులోంచి వచ్చేసింది. ఆవిడ తుడిచింది. రెండోది నోట్లో బల్లి తల మీదుగా, దానికి రుచేమీ తెలియకుండానే, జారింది. కంకర మింగినట్టు దిగింది. దిగాక దగ్గు పట్టుకుంది. కళ్ళు ఎర్రబడ్డాయి, మంచం ఊగింది. ఓన్ యీ వీపు మీద చెయ్యి వేసి, మొహం నీలంగా మారుతుందేమోనని చూస్తూ కూర్చుంది. మారలేదు.

"ఏరా టిన్ ఫే, అన్నం తిన్నావా?" దించిన తలుపు అవతలి నుంచి ఫో టోక్.

టిన్ ఫే నోరు తెరిచాడు. ఇన్నాళ్ళూ గంటలా మోగిన మాట దగ్గులో కొట్టుకుపోయింది. పీ లేదు, బీ లేదు.

"ఉండు. తింటున్నాడు," అంది ఓన్ యీ.

కుక్క గిన్నె వైపే చూస్తోంది. అందులో ఇంకా చాలా ఉంది.