నర్సమ్మ నేర్పిన నిదానం

ఈమధ్య ఇంట్లో నడుస్తుంటే నా చెప్పులు నేలకు రాసుకునే చప్పుడు నాకే వినిపిస్తోంది. అరవై దాటాక అది మామూలేనని మావాళ్లు అంటారు. నాకు మాత్రం ఉదయగిరిలో మా పక్కింట్లో ఉండిన రూతమ్మ గుర్తుకొస్తుంది. మనిషి నడక విని ఒంట్లో ఎలా ఉందో చెప్పేది ఆమె.

తొంభైల మొదట్లో నేను అక్కడ టీచరుగా పనిచేసేదాన్ని. అమ్మ నా దగ్గరే ఉండేది. రూతమ్మ రిటైరైన నర్సు. వయసులో ఉన్నప్పుడు కొన్నేళ్లు మలేషియాలోని పెనాంగ్‌లో ఒక ఆసుపత్రిలో చేసి, తోటి చైనా నర్సు దగ్గర చీగాంగ్ నేర్చుకుని వచ్చింది. ఊపిరికి తగ్గట్టు ఒంటిని నిదానంగా కదిలించే కసరత్తు అది. రోజూ పొద్దున్నే చర్చి ఆవరణలో పదిమంది ముసలివాళ్లను నిలబెట్టి చేయించేది.

ఒకరోజు అమ్మ స్నానాల గదిలో జారిపడింది. దెబ్బేమీ తగల్లేదు గానీ భయం పట్టుకుంది. గోడ వదిలి అడుగు వేసేది కాదు. రూతమ్మ వచ్చి ఆమె నడక చూసింది.

“మోకాళ్ల నొప్పి కంటే నీకు భయం ఎక్కువుండాది వదినా. రేపట్నుంచి నాతో రా.”

“ఈ వయసులో నాకు కసరత్తులేంది నర్సమ్మా? నలుగురూ నవ్వరా?”

“నవ్వనీ. పడితే లేపేది వాళ్లు కాదు గదా.”

మొదట్లో అమ్మ కుర్చీ పట్టుకుని నిలబడింది. “నిండు బిందె తొణక్కుండా ఎత్తినట్టు చేతులు లేపు. ఊపిరి బిగపట్టబాక. ఇప్పుడు బరువు ఎడమ కాలి మీదకు తీసుకో” అని రూతమ్మ పక్కనే నిలబడి చెప్పేది. రెండు నెలలకు అమ్మ కుర్చీ వదిలింది. నాలుగో నెలలో ఒక్కతే అంగడికి వెళ్లి ఉప్పు ప్యాకెట్టు తెచ్చి, నాకు చూపించాలని దాన్ని ఒళ్లో పెట్టుకుని నేను బడి నుంచి వచ్చేదాకా కూర్చుంది. ఆ ఊపులో బీపీ మాత్రలు మానేస్తానంటే రూతమ్మ కసిరింది. “మాత్ర మాత్రే, ఇది ఇదే. దీంతో కాళ్ల మీద నమ్మకం వస్తాది, అంతే.”

తర్వాత నాకు ఆత్మకూరు బదిలీ అయింది. సామాను లారీకి ఎక్కిస్తుంటే రూతమ్మ నన్ను పక్కకు పిలిచింది. “ఒక్కతే అయితే మీ అమ్మ మానేస్తాది సరోజా. పావుగంట నువ్వు గూడా పక్కన నిలబడు.” తలూపాను.

ఆత్మకూరులో మా ఇల్లు బస్టాండు దారిలో ఉండేది. అమ్మ వాకిట్లో చేతులెత్తి నిలబడితే వచ్చేపోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. “మీ అమ్మ గాల్లో ఏందో పట్టుకుంటా ఉండాదే టీచర్” అన్నాడు మా బడిలో ఒకాయన. ఆ సాయంత్రం అమ్మతో, “వాకిట్లో చేయబాకమ్మా, నాకు తలవంపులుగా ఉండాది” అన్నాను.

“లోపల చోటు యాడుండాది?” అంది అమ్మ. అంతే, మానేసింది. నేను ఒక్క పొద్దు కూడా ఆమె పక్కన నిలబడలేదు.

ఏడాది తిరక్కముందే అమ్మ మళ్లీ గోడ పట్టుకుంది. ఒక వానరోజు మెట్టు దిగుతూ పడి తుంటి ఎముక విరిగింది. కబురు తెలిసి రూతమ్మ బస్సెక్కి వచ్చింది. అమ్మ మందుల మత్తులో నిద్రపోతోంది.

“రోజూ చేస్తానే ఉండిందా?” అని అడిగింది.

“రోజూ చేసింది అత్తా” అన్నాను. నిజం చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు.

రూతమ్మ మంచం పక్కన కూర్చుంది. “అయితే నేనే యాడో తప్పు నేర్పినాను” అంది. అమ్మ కాళ్ల మీద దుప్పటి సర్ది, కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయింది.

అమ్మ ఇక మంచం దిగలేదు, ఆ చలికాలంలోనే పోయింది. రెండేళ్ల తర్వాత ఏదో పని మీద ఉదయగిరి వెళ్లాను. చర్చి గేటు దగ్గర, ఒకప్పుడు అమ్మతో కలిసి కసరత్తు చేసిన అంకమ్మ కర్ర పట్టుకుని కనిపించింది.

“మీ అమ్మ పడినప్పట్నుంచి నర్సమ్మ మాకు చేయించడం మానేసింది. నా వల్ల ఇంకొకరు పడగూడదు అనింది. ఎంత అడిగినా వినలేదు. నేనూ రెండుసార్లు పడినాను.”

“ఆమె ఇంట్లో ఉందా?”

“చనిపోయి ఆర్నెల్లయింది. నీకు తెలీదా?”

అక్కడే నిలబడి జరిగిందంతా చెప్పాను. అంకమ్మ నన్ను తిట్టలేదు. “ఒక్క ఉత్తరం ముక్క రాసుంటే సరిపోయుండేది గదమ్మా” అంది. ఆత్మకూరు నుంచి ఉదయగిరికి ఉత్తరం రెండు రోజుల్లో చేరేది.

ఇప్పుడు రూతమ్మ చెప్పినవన్నీ రోజూ పావుగంట చేస్తున్నాను. కాళ్లకు కాస్త బలం వచ్చినట్టే ఉంది. నలుగురికీ నేర్పమని ఇరుగుపొరుగు అడుగుతారు, నేర్పుతున్నాను కూడా. చేతులు లేపి నిదానంగా దించేటప్పుడు, రోజూ చేసింది అత్తా అన్న నా గొంతే నాకు వినిపిస్తుంది.