రెండు చేతులా పట్టాల్సిన కట్టె

“కింద పడితే? తల పగిలితే?”

పధ్నాలుగు నెలల వెన్నెలను నేల మీదికి దించమని ఎవరు చెప్పినా, నరేంద్ర అడిగేవి ఈ రెండు ప్రశ్నలే. మదనపల్లెలో కాలేజీ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పే మనిషి కాబట్టి, బల్ల ఎత్తెంతో, పడే వేగమెంతో లెక్కగట్టి మరీ భయపడేవాడు. పాప ఇంకా అడుగు వేయడం లేదని మరో బెంగ. లోపమేమీ లేదని డాక్టరు చెప్పాడు. చంక దిగితే కదా నడిచేది అని భార్య దీప చెప్పింది. డాక్టరుకు అనుభవం చాలదని, దీపకు భయం చాలదని అతని నిర్ణయం.

అలాంటివాడు పుంగనూరులో వెంకటముని చేతికి చిక్కాడు.

వెంకటమునికి ఒకటే పిచ్చి. గడప తొక్కిన ప్రతివాడి చేతుల్లోనూ ఒక కట్టె పెట్టి, బరువెంతో చెప్పమంటాడు. ఆయన విల్లులు చెక్కే మనిషి. పచ్చికట్టె ఎంత ఆరిందో బరువే చెబుతుంది. అంతవరకు న్యాయమే. కానీ కరెంటు రీడింగు తీసే అతనూ, మనవరాలి పెళ్లిచూపులకు కుప్పం నుంచి వచ్చినవాళ్లూ కూడా కట్టెలు మోయాల్సిందే. పెళ్లికొడుకు తండ్రి ఒంటిచేత్తో అందుకోబోతే, “రెండు చేతులా పట్టప్పా, పసిబిడ్డనిస్తే ఇట్లనే పడతావా?” అన్నాడట. ఆ సంబంధం కుదిరింది. అబ్బాయి బరువు సరిగ్గా చెప్పాడని వెంకటముని ఇప్పటికీ మెచ్చుకుంటాడు.

విలువిద్య నేర్చుకున్న రోజుల నుంచీ నరేంద్రకు కట్టె విల్లు మీద మోజు. తన వీధి చివర నెమలినార చెట్టును కొట్టేస్తే, ఒక దుంగను ఆటోలో వేసుకుని, పాపను చంకనేసుకుని వచ్చాడు.

ముసలాయన పనిలోకి దిగాడు. మెలిపడిన నారతో మొండికేసే ఆ దుంగను ఆయన గొడ్డలితో బాదలేదు. తట్టి, చెవి ఆనించి విని, ఇనుప చీలలు ఒక్కొక్కటే దిగ్గొట్టుకుంటూ పోయాడు. దుంగ తనకు తానే ఒప్పుకున్నట్టు నిలువునా విడిపోయింది. అందులో విల్లుకు పనికొచ్చే కట్టెను ఏరి బెరడు ఒలిచాడు. దాని కింది పొర మీద గోటి గీతైనా పడనివ్వలేదు. విల్లు వంచినప్పుడు సాగేది ఆ పొరేనట. తర్వాత రెండు కొనలకూ మైనం కరిగించి మందంగా పూశాడు. తేమ ముందు కొనల్లోంచే పారిపోతుందట, అందుకే పగుళ్లు అక్కడే మొదలవుతాయట. నడుమ భాగాన్ని మాత్రం ఏమీ చేయకుండా నీడన పెట్టి, ప్రతి ఆదివారం వచ్చి బరువు చూడాలన్నాడు.

మరుసటి వారం నరేంద్ర సూట్‌కేసులు తూచే చిన్న త్రాసు తెచ్చాడు. వెంకటముని కట్టెను చేతుల్లో ఒక్కసారి ఊపి, “మూడు కోడిగుడ్లంత తగ్గుండాది,” అన్నాడు. త్రాసు నూట యాభై గ్రాముల తేడా చూపించింది. భౌతికశాస్త్రం ఆ పూట చేతులు కట్టుకుని నిలబడింది.

ఆ తర్వాత కట్టె నరేంద్ర చేతుల్లోకి వచ్చింది. రెండు చేతులూ దానికే కావాలి కనుక, పాప నేల మీదికి, చెక్కపొట్టు పరుపులా పరిచిన మూలకు దిగింది. అప్పటికే ఉలులన్నీ అటకెక్కి ఉన్నాయి. కళ్లు మూసుకుని బరువు చూడమనేవాడు ముసలాయన. మొదట ఒక నిమిషం, తర్వాత ఐదు, తర్వాత పది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం, బస్సులో వస్తూ, ఫోనులో రాసుకున్న బరువులు చూసి నరేంద్ర ఉలిక్కిపడ్డాడు. పాపను పొట్టులో దించి, కట్టె అందుకుని, అలవాటుగా కళ్లు మూసుకునే అడిగాడు.

“తాతా, ఐదు వారాలుగా బరువు మారలేదు. ఇది ఆరిపోయుండాది.”

“తెలుసు.”

“మరి నన్ను యాల రమ్మంటాండావు?”

“కట్టె ఎప్పుడో ఆరింది. నువ్వే ఇంకా పచ్చిగా ఉండావు. కండ్లు తెరిచి అట్ల సూడు.”

వెన్నెల పనిబల్ల పట్టుకుని నిలబడి ఉంది. బల్ల వదిలేసింది. ఒక అడుగు, రెండు, మూడు. నరేంద్ర పరుగెత్తేవాడే, కానీ చేతుల్లో కట్టె ఉంది, పడేయడానికి మనసొప్పలేదు. నాలుగో అడుగుకు పాప కూలబడి, పిడికెడు పొట్టు గాల్లోకి విసిరి నవ్వింది. తల పగల్లేదు.

నరేంద్ర కట్టెను మెల్లగా గోడకు ఆనించాడు. “అయితే ఆ కరెంటు అతన్ని కూడా…”

“ఆయప్ప చేతిలో పొద్దస్తమానం ఫోనే. రెండు చేతులకీ పనిస్తే కాసేపన్నా మనిషితో మాట్లాడతాడని.”

విల్లు ఇప్పుడు నరేంద్ర ఇంట్లో గోడకు వేలాడుతోంది. బల్లల మూలలకు మాత్రం మెత్తలు కట్టి ఉన్నాయి. మిగతా ఇల్లంతా వెన్నెలది. ఆమె పరుగు తీసినప్పుడల్లా అతని చేతులు వాటంతటవే ముందుకు సాగుతాయి. విల్లు చేతికిస్తూ వెంకటముని చెప్పిన మాట గుర్తొచ్చి మళ్లీ వెనక్కి వస్తాయి.

“పగిలే కొనలకే మైనం పూయప్పా. నడుమ గాలికి వదిలేయ్.”