షట్టర్లు ఎత్తించిన మా పద్మక్క

నిన్న పొద్దున పార్లర్ తాళం తీస్తుంటే ఫోన్ వచ్చింది. పక్క స్టీలు షాపు నరేష్. "స్వప్నా, పద్మక్క చనిపోయింది."

"నోర్ముయ్, పొద్దున్నే ఏంటా మాటలు" అని తిట్టేశాను.

మొన్న సాయంత్రమే కదా నా మీద అరిచింది! "ఏందే గుంటూరు మిర్చీ, ఆదివారానికి మైక్ సెట్ మాట్లాడినవా లేదా?" అని.

గుండెపోటట. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయింది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అక్కది దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక మా గల్లీలో మ్యాచింగ్ సెంటర్. పైన నా పార్లర్. చీర తీసుకెళ్తే ట్యూబ్‌లైట్ కింద జాకెట్ ముక్క చూపించేది కాదు. "లైట్ కింద అన్నీ మంచిగనే కనిపిస్తయ్, బయటికి రా" అని కస్టమర్‌ని గల్లీ మధ్యకు లాక్కెళ్లి ఎండలో రంగు చూపించేది. వెనక బండివాడు హారన్ కొడితే వాడినే అడిగేది, "జర ఆగు బిడ్డా, నువ్వు చెప్పు, కలిసిందా లేదా?"

మెయిన్ రోడ్డు మీద మాల్స్ వచ్చాక మా గల్లీకి జనం రావడం మానేశారు. ఒక్కో షాపూ మూతపడింది. ఎక్కడ చూసినా తుప్పు పట్టిన షట్టర్లు, టు-లెట్ బోర్డులు. వనస్థలిపురం పోదామా, ఎల్‌బీ నగర్ పోదామా అని మేమంతా తర్జనభర్జన పడుతుంటే అక్క మాత్రం, "నేనైతే యాడికి వోను. జనాన్నే ఈడికి రప్పిద్దాం" అంది.

మన్సూరాబాద్ నుంచి పెయింటింగ్ నేర్చుకుంటున్న కాలేజీ పిల్లల్ని పట్టుకొచ్చింది. గల్లీ సెలవు రోజున మా షట్టర్ల మీద బొమ్మలు వేయించింది. బోనమెత్తిన ఆడవాళ్లు, నెమళ్లు, పల్లె సంత. మూతపడ్డ షాపుల షట్టర్లు మరీ తుప్పు పట్టాయని వదిలేశాం. మేం టీలు, మిర్చి బజ్జీలు అందించాం. ఫోటోలు పెట్టి "రేపు వచ్చి చూడండి" అని అందరికీ చెప్పాం.

మర్నాడు షాపులు తెరిచాం.

తెరిస్తే ఏమవుతుంది? షట్టర్లు పైకి చుట్టుకున్నాయి. వాటితోపాటే బొమ్మలూ!

వచ్చినవాళ్లు "బొమ్మలేవండీ?" అని అడుగుతుంటే మా మొహాల్లో నెత్తురు చుక్క లేదు. ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ తట్టలేదు. అక్క గల్లీ మధ్యలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "బంద్ వడ్డ దుకాణాల షట్టర్లు ఎవ్వలు ఎత్తుతున్నరు? బొమ్మలు గవాటి మీదనే ఉండాలె" అంది.

ఓనర్లను ఒప్పించి, తుప్పు గీకి, వాటి మీద వేయించాం. ఆ బొమ్మల ముందే ఆదివారం సాయంత్రాలు ఒగ్గుకథ, పిల్లల డాన్సులు, తుర్కయంజాల్ డప్పు టీమ్. కుర్చీలు వేసేదీ, ఊడ్చేదీ, బండ్లు ఆపేదీ మేమే. సెల్ఫీలకని వచ్చినవాళ్లు గాజులు కొనుక్కున్నారు, నా దగ్గర ఐబ్రోస్ చేయించుకున్నారు.

ఒకరోజు నెమలి బొమ్మ ఉన్న షాపు కిరాయికి పోయింది. టిఫిన్ సెంటర్ పెట్టారు. షట్టర్ ఎత్తేశారు, నెమలి మాయం.

బొమ్మ వేసిన అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. అక్క ఆ పిల్ల నోట్లో మైసూర్‌పాక్ కుక్కింది. "ఏడుస్తవేందే పిచ్చిదానా? బొమ్మ కనవడకుంట పోతెనే మనం గెలిచినట్టు!"

అప్పట్నుంచి ఒక్కో బొమ్మ పోయినప్పుడల్లా గల్లీలో మిఠాయి పంచడం మాకు అలవాటైపోయింది.

నిన్న సాయంత్రం అంత్యక్రియలయ్యాక, ఈ ఆదివారం ప్రోగ్రాం క్యాన్సిల్ చేద్దామన్నారు కొందరు. ఇక ఈ గల్లీ పని అయిపోయినట్టే అని ఎవరో గొణిగారు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే అక్క భర్త యాదగిరన్న లేచాడు.

"బంద్ వెట్టకున్రి. ఆమెకు బంద్ అంటెనే వడది."



ఇవాళ పొద్దున కాలేజీ పిల్లలు వచ్చారు. దించి ఉన్న అక్క షట్టర్ మీద ఆమె నిలువెత్తు బొమ్మ వేస్తామన్నారు. ప్రేమతోనే అడిగారు. నాకు ఏడుపు ఆగలేదు.

కానీ వద్దన్నాను.

మనం బొమ్మలు వేసేది మూతపడ్డ షాపులకు. ఇది మూతపడదు.

దినాలు కాగానే యాదగిరన్నా నేనూ కలిసి ఆ షట్టర్ ఎత్తుతాం. చీరకు జాకెట్ రంగు కలపడం నాకు రాదు. నేర్చుకుంటాను.

ఆదివారం సాయంత్రం ప్రోగ్రాం ఉంది. అందరూ రండి. మైక్ సెట్ మాట్లాడేశాను.

పోయి రా అక్కా. ఇన్నేళ్లూ నిలబడే ఉన్నావు, ఇక కాళ్లు చాపుకుని కూర్చో. నీ మనసు చల్లగా ఉండాలి.

గల్లీ సంగతి మేం చూసుకుంటాం.