గుర్తు తిప్పని మా లెక్కల టీచరు

మా లెక్కల టీచరు గారు పోయారని మొన్న పొద్దున దర్శి నుంచి అమ్మ ఫోన్ చేసింది. నేను నల్లపాడులో పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతున్నాను.

"సాయంత్రమే భూస్థాపనంట. వచ్చెయ్యవే."

"నేను రాను," అన్నాను.

ఇలాంటప్పుడు నాలుగు మంచి మాటలు రాయాలని నాకూ తెలుసు. కానీ ఆవిడ పేరెత్తితే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

"సమీకరణం తక్కెడ లాంటిది. ఇటు ఏం చేస్తే అటూ అదే చెయ్యాలి," అని రోజూ చెప్పేవారు. ముందు బెంచీల పిల్లల్ని "అమ్మా" అని పిలిచేవారు. కాలనీ నుంచి వచ్చే మమ్మల్ని "ఏమే" అనేవారు. తొమ్మిదో తరగతిలో అమ్మతో మిరపకోతలకు వెళ్ళి వారం తర్వాత బడికొస్తే, మంట తగ్గక ఎర్రగా ఉన్న నా చేతుల్ని చూసి, "కాయలు కోసుకునేదానికి ఎక్స్‌లూ వైలూ ఎందుకే?" అన్నారు. తరగతంతా నవ్వింది.

ఆ నెలలోనే ఒక రోజు అసమీకరణాలు చెబుతున్నారు. మైనస్ మూడు ఎక్స్, పన్నెండు కంటే తక్కువ. రెండు వైపులా మైనస్ మూడుతో భాగించి, ఎక్స్ మైనస్ నాలుగు కంటే తక్కువ అని బోర్డు మీద రాశారు. నేను లేచాను.

"టీచర్, మైనస్‌తో భాగిస్తే గుర్తు తిప్పాలి కదండీ."

"నాకే చెబుతావా?"

"ఎక్స్ సున్నా అనుకోండి టీచర్. పైన సరిపోతుంది. కింద మీరు రాసినదాంట్లో సరిపోదు."

ఆవిడ బోర్డు వైపు చూశారు. మొత్తం తుడిచేశారు. "పొగరు! బయట నిలబడు," అన్నారు. బెల్లు కొట్టేదాకా ఎండలో నిలబడ్డాను. మర్నాడు అదే లెక్కను గుర్తు తిప్పి రాసి, "నిన్న కొందరు తప్పు ఎక్కించుకున్నారు, దిద్దుకోండి," అన్నారు.

మొన్న మధ్యాహ్నం అమ్మ మళ్ళీ ఫోన్ చేసింది.

"నీ చేత కోతలు మానిపించింది నేననుకుంటున్నావా? ఆ టీచరమ్మే. మనింటికొచ్చింది. కూర్చోమన్నా కూర్చోలా. 'నా తప్పు ఇన్నేళ్ళలో ఎవరూ పట్టుకోలేదు, నీ కూతురు పట్టుకుంది. ఇంకోసారి దీన్ని పొలానికి తీసుకెళ్తే ఊరుకోను' అని నా మీద అరిచి పోయింది."

"నాకెందుకు చెప్పలేదే అమ్మా?"

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

నా కోపం రెట్టింపయింది. అవమానించడం నలభై మంది ముందు. ఒప్పుకోవడం మాత్రం మా గుమ్మంలో, నేను లేనప్పుడు. ఆ మాట తరగతిలో అని ఉంటే ఇన్నేళ్ళు ఇంత విషం మోసేదాన్ని కాదు. నేనీ రోజు లెక్కలు చెబుతున్నానంటే ఆవిడ వల్లే. ఆ సంగతి రాస్తున్నాను. క్షమించానని మాత్రం రాయలేను.

అయినా ఆ సాయంత్రం దర్శి వెళ్ళాను. మట్టి వేసేటప్పుడు అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను ఏడవలేదు. ఎండ తగలకుండా అమ్మకి గొడుగు పట్టుకుని నిలబడ్డాను.