ఆరిన చేతులు

బందరులో నేను పనిచేసే ల్యాబ్‌కి చర్మం, గోళ్ల నమూనాలు చాలానే వస్తాయి. వాటిలోని ఫంగస్‌ను చిన్న పళ్లెంలో పెంచి, పైన మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెట్టి, ఏ మందుకు లొంగుతుందో చూడటం నా పని. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. లేకపోతే ఫంగస్ బిళ్లను ఆనుకుని దర్జాగా పెరుగుతుంది. ఆ దర్జా చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకసారి వచ్చిన నమూనా మా పిన్నిది. పెడనలో కలంకారీ బట్టలు కాలవలో జాడించడం ఆమె పని. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆ నీళ్లలోనే ఉంది. వేళ్ల సందులు తెల్లగా నాని చీలిపోయాయి, గోళ్ల చుట్టూ వాచిపోయింది. మందుల షాపులో ఇచ్చిన మాత్రలు కాస్త తగ్గగానే మానేసేది, తిరగబెట్టగానే మళ్లీ మింగేది. రేవులో ఆడవాళ్లంతా ఒకే ఆయింట్‌మెంట్ ట్యూబు పంచుకునేవారు. చివరికి ఏదీ పనిచెయ్యలేదు. చేతులు బాగుపడి రేవులో తన చోటుకి తను వెళ్లాలి, అదొక్కటే ఆమె గోల. ఈలోగా ఆ చోటు ఇంకెవరికో ఇచ్చేస్తారని భయం.

పరీక్షకు ముందు ఆయింట్‌మెంట్ ఆపమన్నాను. ఆపింది. అయినా పళ్లెంలో ఏమీ మొలవలేదు. అనుమానం వచ్చి ఆమె చేతులు మళ్లీ చూశాను. గోళ్ల అంచులు పసుప్పచ్చగా ఉన్నాయి. అద్దకానికి ముందు బట్టను ముంచే కరక్కాయ నీళ్లలో, పుళ్లు కాస్త ఎండి కనిపిస్తాయని ముందురోజు నుంచీ చేతులు నానబెట్టుకుని వచ్చిందట. ఆ వగరు నీళ్లకే ఫంగస్ మొలవలేదు.

"చదువుకున్నవాళ్లుండే చోటుకి ఆ చేతులేసుకుని ఎలా వస్తానే? నీకు తలవంపులు కాదూ?" అంది.

కోప్పడదామనుకున్నాను. కరక్కాయ నీళ్లు ముట్టుకోవద్దని మాత్రం చెప్పి పంపేశాను.

కొన్నాళ్లాగి మళ్లీ నమూనా తీశాను. ఈసారి పళ్లెం నిండా మీగడ చుక్కల్లా మొలిచింది. ఆమె ఇన్నాళ్లూ మింగిన మందు బిళ్ల చుట్టూ వలయమే లేదు. ఒకే ఒక్క బిళ్ల చుట్టూ మాత్రం శుభ్రంగా ఉంది. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను, వెంటనే పిన్నికి ఫోన్ చేశాను.

నేను తీసుకెళ్లి చూపించిన చర్మం డాక్టరుగారు ఆ మందే రాశారు. దాంతోపాటు ఇంకో మాట చెప్పారు. చేతులు ఎప్పుడూ పొడిగా ఉండాలి, కాలవలో దిగితే మళ్లీ మొదటికొస్తుంది, అప్పుడు ఈ మందుకి కూడా లొంగకపోవచ్చు.

పిన్ని ఆయన ముందు తలూపింది. బస్టాండులో పెడన బస్సులు ఒక్కొక్కటీ వెళ్లిపోతుంటే ఎక్కకుండా చూస్తూ నిలబడింది.

"అయితే ఇంక దిగొద్దంటావా?" అంది చివరికి.

"దిగొద్దు పిన్నీ."

తర్వాత నేను పెడన వెళ్లేసరికి రేవులో ఆమె చోటు వేరొకరికి ఇచ్చేశారు. చేతులు పూర్తిగా మానాయి, కొత్త గోళ్లు వచ్చాయి. అరచేతి గీతల్లో ఎప్పుడూ ఉండే అద్దకపు ఎర్రరంగు కూడా పోయింది. చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన చేతులకు ఆ ఎరుపు ఉండేది.

పిన్ని వాటిని నా ముందు చాపి, కాసేపు తనే చూసుకుంది.

"బాగైపోయాయి గానీ, ఎవరి చేతులో తగిలించుకున్నట్టుందే," అంది.

ఆమె ఏడవలేదు. ఆ చేతులు పట్టుకుని ఏడ్చింది నేనే.